సముద్రం కోసం వెళ్ళి గోడలు చూసొచ్చాం

మిలాన్‌లో ఉండేవాళ్ళకి జూన్ 2 సోమవారం నాడు పడిందంటే పండగే. 1946లో ఇదే తేదీన ఇటలీ జనం ఓట్లేసి రాజుగారిని ఇంటికి పంపారు. ఆ పుణ్యమా అని 2025లో మాకు శని, ఆది, సోమవారాలు కలిసొచ్చాయి. నేనూ మావారూ చెరో సంచీ భుజానికి తగిలించుకుని చింక్వె తెర్రెకి రైలెక్కాం.

లిగూరియా తీరంలో కొండ అంచుల్ని పట్టుకుని వేలాడుతున్నట్టుండే అయిదు ఊళ్ళవి: మొంతెరొస్సో, వెర్నాజ్జా, కొర్నీలియా, మనరోలా, రియోమజ్జోరే. గులాబీరంగు, పసుపురంగు ఇళ్ళు, కింద నీలం నీళ్ళు. ఆ ఫొటో చూడనివాళ్ళు ఉండరు. ఆ ఊళ్ళల్లో గది అద్దెలు చూసి గుండె గుభేలుమంది. అందుకని పక్కనున్న లా స్పెజియా పట్నంలో దిగాం. అక్కణ్ణుంచి రైలెక్కితే పది నిమిషాల్లోపే మొదటి ఊరు. రైళ్ళకీ, ఇక్కడి నేషనల్ పార్కు బస్సులకీ, కొండదారులకీ కలిపి ఒకటే కార్డు ఉంటుంది, అది తీసుకుంటే మళ్ళీ మళ్ళీ క్యూలో నిలబడే టెన్షన్ ఉండదు.

రియోమజ్జోరేలో ఎక్కువసేపు ఆగలేదు. రేవు దగ్గర ఫొటోలకి జనం వరసకట్టి ఉన్నారు. ఇక్కణ్ణుంచి మనరోలాకి సముద్రం అంచునే ‘ప్రేమదారి’ అని పేరుపడ్డ చిన్న బాట ఉంది. 2012లో రాళ్ళు జారి నలుగురు గాయపడటంతో మూసేసి, 2024లో తెరిచారు. ముందే బుక్ చేసుకోవాలట, మాకు స్లాట్ దొరకలేదు. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక ప్రేమదారి మనకెందుకులే అని మావారు తేల్చేశారు.

మనరోలాలో పార్కు వాళ్ళ చిన్న బస్సెక్కి పైనున్న వొలాస్త్రా అనే పల్లె చేరాం. అక్కణ్ణుంచి కొర్నీలియాకి ద్రాక్షతోటల్లోంచి నడక. ఈ ప్రయాణంలో ఒక్కటే చెయ్యగలిగితే ఇదే చెయ్యండి. ఎడమచేతి వైపు ఎక్కడో కింద సముద్రం, కుడిచేతి వైపు మెట్లుమెట్లుగా తోటలు. బాట కొన్నిచోట్ల ఒక మనిషి పట్టేంత వెడల్పే, ఎదురుగా ఎవరైనా వస్తే గోడకి ఆనుకుని నిలబడాల్సిందే.

గోడ అంటే మామూలు గోడ కాదు. కొండ పొడుగునా ఒకదానిపైన ఒకటి రాతికట్టలు, ప్రతి కట్ట వెనకా కాస్త మట్టి, ఆ మట్టిలో రెండు మూడు వరసల తీగలు. నేను ఫోన్లో సముద్రాన్ని తీస్తుంటే మావారు గోడ దగ్గర వంగి, “దీనికి సిమెంటే లేదు, చూసినావా?” అన్నారు. నిజమే. సున్నం కూడా లేదు. కింద పెద్ద రాళ్ళు, పైకి పోయేకొద్దీ చిన్నవి, సందుల్లో గులకరాళ్ళు. గోడ మొత్తం కొండవైపు కాస్త ఒరిగి ఉంది. రాళ్ళ మధ్య చెయ్యి పెడితే చల్లగా తగిలింది. వానపడితే నీళ్ళు ఆ సందుల్లోంచే కారిపోతాయి, మట్టి మాత్రం నిలుస్తుంది. సిమెంటు పెడితే నీళ్ళు లోపలే నిలిచి గోడని తోసేస్తాయి. ఇలా సున్నం లేకుండా రాతిగోడ కట్టే విద్యని 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది, ఇటలీతోపాటు మరో ఏడు దేశాల పేరు మీద. ఈ ఊళ్ళూ తోటలూ 1997 నుంచే ప్రపంచ వారసత్వ స్థలం.

కొంచెం ముందుకెళితే ఒక పెద్దాయన కూలిన కట్ట దగ్గర రాళ్ళు ఏరుతున్నాడు. ఒక్కో రాయినీ అటూ ఇటూ తిప్పి చూడటం, పెట్టడం, నచ్చకపోతే తీసెయ్యడం. నాకొచ్చిన అరకొర ఇటాలియన్‌లో ఎలా కూలిందని అడిగాను. “అడవి పందులు” అన్నాడు. వేర్ల కోసం మట్టి తవ్వితే కట్ట వదులై జారిపోతుందట. ఆ మాట నేను తెలుగులో చెప్పానో లేదో, మావారికి ప్రాణం లేచొచ్చింది. మదనపల్లె దగ్గర వాళ్ళ వేరుశనగ చేనుకి ఇదే బాధ. రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని కాపలా పడుకోవడం, డబ్బాలు వాయించడం, అన్నీ చేతులతో అభినయించి చెప్పారు. పెద్దాయన పగలబడి నవ్వాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పందుల్ని చెరో భాషలో తిట్టుకున్నారు. నాకు అనువాదం పని తప్పింది.

తోటలో రంపంలా పళ్ళున్న పట్టా మీద నడిచే చిన్న మోటారు బండి ఒకటి ఉంది. కోతలప్పుడు ద్రాక్ష పెట్టెలు దానిమీదే కిందికి దింపుతారు. అది లేని రోజుల్లో తలమీదా వీపుమీదా మోసేవాళ్ళు. సముద్రం ఒడ్డున ఉన్నారు కదా, అందరూ జాలర్లే అనుకుంటాం గానీ, మొంతెరొస్సో సంగతి పక్కన పెడితే, ఇక్కడివాళ్ళు ముందు రైతులు. కొర్నీలియాకైతే సరైన రేవే లేదు, సముద్రానికి సుమారు వంద మీటర్ల పైన కూర్చుంది. స్టేషన్‌కి దాదాపు 380 మెట్లు. మేం దిగేవాళ్ళం కాబట్టి, ఎండలో ఎక్కేవాళ్ళని చూసి జాలిపడే తీరిక దొరికింది.

వెర్నాజ్జా అన్నిటికన్నా అందం. రేవు అంచునే గుడి, పైన దోరియా వంశంవాళ్ళ కోట బురుజు. ఒక దుకాణంలో గోడకి తగిలించిన ఫొటో చూసేదాకా 2011 గుర్తురాలేదు. ఆ ఏడు అక్టోబరు 25న కుండపోత వానకి కొండమీది బురద ఈ వీధి మీదికే వచ్చిపడింది. కింది అంతస్తులు పూర్తిగా పూడిపోయాయి, ఊళ్ళో ముగ్గురు చనిపోయారు. మనం ఐస్‌క్రీం తింటూ నడిచే ఆ వీధి కిందే ఊరి వాగు పారుతుంది, పైన కప్పేశారంతే. వాన మరీ ఎక్కువే, కాదనను. కానీ పిల్లలు పట్నాలకి పోయి, పట్టించుకునేవాళ్ళు లేక కట్టలు కూలిన తోటలు ఆ బురదని ఇంకా పెంచాయంటారు. 1874లో ఇటు రైలు వచ్చాకే బయటి ఉద్యోగాలకి దారి పడింది. ఇప్పుడదే రైలు మాలాంటివాళ్ళని దింపుతోంది. లోకం ఫొటో తీసుకునే ఆ కొండని నిలబెడుతున్నది తీరికలేని కొద్దిమంది ముసలివాళ్ళేమో అనిపించి, పెద్దాయన దగ్గర ఇంకాసేపు ఉండాల్సింది అనుకున్నాం.

మొంతెరొస్సోలో ఇసుక బీచి ఉంది. జూన్ మొదట్లో నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయి, మోకాళ్ళ దాకా దిగి వచ్చేశాను. వేయించిన చిన్న చేపలు కాగితం పొట్లంలో ఇస్తారు, నిమ్మకాయ పిండుకుని ముళ్ళతో సహా నమిలెయ్యొచ్చు. రాత్రి లా స్పెజియాలో ఫరినాటా తిన్నాం. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచు కరకర, నడుమ మెత్తన. పచ్చిమిర్చి వెయ్యాలన్న ఆలోచన ఇన్ని శతాబ్దాల్లో వీళ్ళకి ఎందుకు రాలేదో!

సోమవారం పొద్దున పడవలో పోర్తొవెనెరే అనే ఊరికి వెళ్ళాం. కొండకొమ్ము చివర గుడి, గాలి, కొట్టుకునే అలలు. బాగుంది, కానీ మనసు అప్పటికే తోటల దగ్గర ఉండిపోయింది.

వెళ్ళాలనుకునేవాళ్ళు జూలై, ఆగస్టు మానుకోండి. కొండదారికి మంచి బూట్లు ఉండాలి, మామూలు చెప్పులతో నడిస్తే జరిమానా కూడా వేస్తారు. ద్రాక్షని ఎండకి కాకుండా నీడలో చాపల మీద ఆరబెట్టి చేసే షాకెట్రా అనే తియ్యటి వైన్ ఉంటుంది, చిన్న సీసాకే బోలెడు ధర. ఆ గోడలన్నీ ఎక్కి దిగాక మాకు అది ఎక్కువ అనిపించలేదు, ఒకటి కొనుక్కున్నాం. మావారు సెప్టెంబరులో కోతలకి మళ్ళీ వద్దామంటున్నారు. పెద్దాయనకి పందుల కంచె గురించి ఏదో చెప్పాలట.