యౌవనంలో మోసిన కాడి

"యౌవనకాలమున కాడి మోయుట నరునికి మేలు." విలాపవాక్యములు 3:27. కాలేజీలో చేరిన మొదటి వారమే మా వార్డెనమ్మ ఈ వచనం మా చేత కంఠతా పట్టించారు. అప్పట్లో నాకు అందులో కాడి ఒక్కటే వినిపించింది. తెల్లవారుజామున ఐదింటికే గంట, చాపెల్, పడుకునే ముందు మళ్ళీ ప్రార్థన. సినిమాలు లేవు, తలలో పూలు లేవు. అక్క పెళ్ళికి ఒక్కరోజే పంపారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. అలాంటి కట్టుబాట్లకు వాక్యంలో ఆధారం లేదని ఈరోజుకీ అంటాను.

కానీ ఆ వచనాన్ని ఒకసారి దాని చోటులో పెట్టి చూడండి. హీబ్రూలో ఈ అధ్యాయం అక్షరమాల వరసలో నడుస్తుంది. 22 అక్షరాలు, ఒక్కోదానికి మూడేసి వచనాలు, మొత్తం 66. అందులో 25, 26, 27 మూడూ 'తోవ్' అనే ఒకే మాటతో మొదలవుతాయి. తోవ్ అంటే మంచి. మన తెలుగు బైబిల్లో అది దయాళుడు, మంచిది, మేలు అని మూడు రూపాల్లో ఉంది కాబట్టి మన కంటికి ఆనదు. యెహోవా మంచివాడు, ఆయన కోసం కనిపెట్టడం మంచిది, పడుచు వయసులో కాడి మంచిది. దేవునికి వాడిన మాటనే కాడికీ వాడారు! అదీ యెరూషలేము కాలి బూడిదయ్యాక, ఏడుస్తూ.

నాకిది 2014 అక్టోబరు 12న అర్థమైంది. ఆదివారమే, గుడికి వెళ్ళలేకపోయాం. హుద్‌హుద్ తుఫాను గాలికి విశాఖ మర్రిపాలెంలో మా కిటికీ అద్దాలు పగిలిపోయాయి. రాత్రికి కరెంటు లేదు, ఫోన్ చచ్చిపోయింది, బైబిలు తెరిచినా అక్షరం కనపడదు. పిల్లలు నా కొంగు పట్టుకుని వణుకుతుంటే, కాలేజీలో నేర్చిన 46వ కీర్తన దానంతటదే నోటికొచ్చింది. "వాటి జలములు ఘోషించుచు నురుగు కట్టినను" దగ్గర నా గొంతు పూడుకుపోయింది. మా పెద్దది "తర్వాతేంటమ్మా?" అంది. "మనము భయపడము" అన్నాను.

ఇప్పుడు గుడిలో వచనం చెప్పగానే అందరి వేళ్ళూ ఫోన్ల మీద కదులుతాయి. వెతికి, చదివి, అక్కడే వదిలేస్తాం. అలా చేయకండి, దయచేసి. ఆ కీర్తనలో 11 వచనాలే ఉన్నాయి. రోజుకొకటి చాలు. వంట చేస్తూ, బస్సు కోసం నిలబడి, పిల్లలకు జడ వేస్తూ పైకి చెప్పుకోండి. వాళ్ళ చేత కూడా చెప్పించండి.