నాలుగు గళ్ల మాత్రిక మూడు గళ్లయింది

లీనియర్ ఆల్జీబ్రా నోట్స్ ఆన్‌లైన్‌లో పెట్టి, ఫోన్‌లో తెరిచి చూశాను. సూత్రమనేదే లేదు. ఎక్కడ చూసినా సూత్రాలు రాయడానికి నేను వాడిన డాలర్ గుర్తులు, బ్యాక్‌స్లాష్‌లే. ల్యాప్‌టాప్‌లో అదే ఫైలు ముచ్చటగా కనబడుతోంది.

గంటసేపు సూత్రాలనే అనుమానించాను. బ్రాకెట్లు లెక్కపెట్టాను, కొన్నింటిని మళ్లీ టైపు చేశాను. అంతా దండగ. తీరా తప్పులు చూపించే బ్రౌజర్ కన్సోల్ తెరిస్తే ఎర్రగా ఒక లైను: మ్యాథ్‌జాక్స్‌ని, అంటే వెబ్ పేజీలో సూత్రాలను గీసిపెట్టే లైబ్రరీని, పిలిచే చిరునామా హెచ్‌టీటీపీతో మొదలవుతోంది, నా పేజీ ఏమో భద్రమైన హెచ్‌టీటీపీఎస్‌ది. అలాంటి స్క్రిప్టును బ్రౌజర్ లోపలికి రానివ్వదు. ఒక్క అక్షరం చేర్చాను.

జంట డాలర్ల మధ్య విడిగా రాసినవి బాగుపడ్డాయి. వాక్యం మధ్యలో ఒంటి డాలర్లతో రాసినవి అలాగే ఉన్నాయి. సూత్రాలను ఇలా గుర్తులతో రాసి అచ్చువేసే పద్ధతి టెక్. దాన్ని తయారుచేసిన డొనాల్డ్ క్నూత్ సూత్రాలకు డాలర్ గుర్తు ఎంచుకున్నది, గణితాన్ని అచ్చువేయడం ఎప్పుడూ ఖర్చుతో కూడిన పనే కాబట్టి. మ్యాథ్‌జాక్స్ మాత్రం ఒంటి డాలర్‌ను తనంతట తాను పట్టించుకోదు. రెండు ధరలున్న వాక్యం సూత్రమైపోతుందని దాని భయం. \( \) వాడాలి, లేదా సెట్టింగులో డాలర్‌ను చేర్చాలి. చేర్చాను. ఏమీ మారలేదు! ఆ సెట్టింగును లైబ్రరీని పిలిచే లైనుకు కింద పెట్టాను మరి. అది పైన ఉండాలి.

అసలు తలనొప్పి మాత్రికతో వచ్చింది. మొదటి వరుసలో 1, 2. రెండో వరుసలో 3, 4. తెర మీద ఉన్నది ఒకటే వరుస, అందులో మూడు గళ్లు: 1, తర్వాత 2 3 కలిసి ఒక గడిలో, తర్వాత 4. గళ్లు కలిసిపోయిన తీరు చూస్తేనే దొంగ దొరికాడు. నేను రాసేది మార్క్‌డౌన్‌లో, అంటే మామూలు టెక్స్టును వెబ్ పేజీగా మార్చే పద్ధతిలో. వరుస మార్చడానికి నేను పెట్టిన \\ లో ఒకదాన్ని అది మింగేసి \ మిగిల్చింది. టెక్ భాషలో బ్యాక్‌స్లాష్ తర్వాత ఖాళీ ఉంటే ఉత్త ఖాళీయే. అందుకే 2, 3 పక్కపక్కన చేరాయి. పేజీ అసలు కోడ్ చూపించే వ్యూ సోర్స్‌లో చూస్తే ఒంటి బ్యాక్‌స్లాష్ ఎదురుగా కనబడింది. \\\\ అని రాస్తే మాత్రిక నిలబడింది. చూడ్డానికి వికారంగా ఉంది, కానీ పనిచేస్తుంది.

అండర్‌స్కోర్ల కథా అదే. అక్షరాన్నీ అంకెనూ నేరుగా కలిపే అండర్‌స్కోర్ జోలికి మార్క్‌డౌన్ పోలేదు. }_{ అని రెండు చోట్ల వస్తే మాత్రం ఆ రెంటి మధ్య భాగాన్ని ఇటాలిక్ చేసేసింది. సూత్రం మధ్యలో అలా ఇటాలిక్ ట్యాగ్ వచ్చిపడితే మ్యాథ్‌జాక్స్ దాన్ని సూత్రంగానే గుర్తించదు. అండర్‌స్కోర్ ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టాక సర్దుకుంది.

నేరుగా హెచ్‌టీఎంఎల్‌లో రాసిన పేరా ఒకటుంది. అందులో ఒక అసమానతలో సగం మాయం. < పక్కనే అక్షరం ఉంటే బ్రౌజర్ దాన్ని ట్యాగ్ మొదలనుకుంటుంది. రెండు వైపులా ఖాళీ వదిలాను, అంతే.

చివరికి మిగిలింది ట్యాబ్ మీద కనబడే పేజీ పేరు. అందులోని సూత్రం ఇంకా డాలర్లతోనే ఉంది. అక్కడ మ్యాథ్‌జాక్స్ చేయగలిగింది ఏమీ లేదు. ఆ పేరును మాటల్లో తిరగరాశాను.