తంగేడుకు పేరు రాయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది

డిగ్రీ ఫైనలియర్‌లో బాటనీ ప్రాజెక్టు కింద ఇరవై మొక్కలతో హెర్బేరియం, అంటే మొక్కల్ని ఎండబెట్టి షీట్లకు అంటించి లేబుల్ రాసిన సేకరణ, చేయమన్నారు. మాది దేవరకొండ దగ్గర పల్లె. బతుకమ్మ సెలవులకు ఇంటికి వెళ్తే చెలకల గట్ల మీద ఎటు చూసినా తంగేడు, గునుగు. మొదట తంగేడే కోశాను. "అంత కోసుకపోతే బతుకమ్మకు ఏం పెడ్తరు బిడ్డా" అని నాయనమ్మ కోప్పడింది.

కొమ్మల్ని న్యూస్‌పేపర్ల మధ్య సర్ది, పైన బియ్యం సంచి పెట్టాను. కాగితాలు రోజూ మార్చాలని సార్ చెప్పారు, నేను మార్చలేదు. అయిదో రోజు విప్పితే పువ్వులు నల్లబడి, బూజు వాసన. చాలా బాధేసింది. మళ్లీ వెళ్లి పువ్వు, కాయ రెండూ ఉన్న కొమ్మ తెచ్చాను. ఈసారి రోజూ కాగితాలు మార్చి, తడివి ఎండలో ఆరేశాను. వారంలో చక్కగా ఎండింది.

అసలు కష్టం లేబుల్ మీద శాస్త్రీయ నామం రాసేటప్పుడు వచ్చింది. లైబ్రరీలో ఉన్న గాంబుల్ ఫ్లోరా అనే పాత మొక్కల పుస్తకంలో ఇది కేషియా ఆరిక్యులేటా. ఇంటర్నెట్‌లో సెన్నా ఆరిక్యులేటా. ఏది రాస్తే మార్కులు పోతాయోనని ఒకటే టెన్షన్. సార్‌ని అడిగితే జవాబు చెప్పలేదు. రేల పువ్వు పక్కన పెట్టి చూడమన్నారు. రేల ఎండాకాలం పూస్తుంది కదా, అందుకని డిపార్ట్‌మెంట్‌లోని పాత షీటు తీసి ఇచ్చారు.

లెన్సు పెట్టి చూశాను. రెండింటిలోనూ కేసరాలు పదేసి. రేలలో మూడు మాత్రం బాగా పొడవు, కొక్కెంలా వంగి ఉన్నాయి. తంగేడులో ఆ వంపు లేదు. పైనున్న మూడూ చిన్నవి, వాటిలో పుప్పొడి ఉండదు. ఒకప్పుడు రెండింటినీ కేషియా అనే ఒకే ప్రజాతిలో కలిపేశారు. ఇలాంటి తేడాలు చూసే తంగేడును సెన్నాలోకి మార్చారు, రేల మాత్రం కేషియా ఫిస్టులాగానే ఉండిపోయింది.

ఆరిక్యులేటా ఎందుకో కూడా అప్పుడే కనబడింది. ఆకు తొడిమ మొదట్లో రెండు వైపులా గుండ్రంగా, వెడల్పుగా ఆకుపచ్చటి రేకులు, అచ్చం చిన్న చెవుల్లా. లాటిన్‌లో ఆరిక్యులా అంటే చిన్న చెవి. చిన్నప్పటి నుంచి తంగేడు తెంపుతున్నా, ఆ చెవుల్ని ఒక్కసారీ చూడలేదు!

చివరికి లేబుల్ మీద సెన్నా ఆరిక్యులేటా అని రాశాను. రెండు మాటల కింద గీత, మొదటి మాటకే పెద్దక్షరం. పేరు వెనక బ్రాకెట్లో, మొక్కలకు ఇలా రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ గుర్తు 'ఎల్', బయట రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త పేరు. 1753లో లిన్నేయస్ కేషియాగా పెట్టిన పేరును రాక్స్‌బర్గ్ సెన్నాలోకి తెచ్చాడు కాబట్టి మొదట పెట్టినవాడి పేరు బ్రాకెట్లో మిగిలింది. ఆ రాక్స్‌బర్గ్ కలకత్తాకు వెళ్లకముందు సామర్లకోటలో ఉండి మన మొక్కలపై పనిచేసినవాడే.

వైవాలో ఎగ్జామినర్ సరిగ్గా ఆ బ్రాకెట్ గురించే అడిగారు. చెప్పాను. తర్వాత లేబుల్‌లో స్థానిక పేరు దగ్గర వేలు పెట్టి, "తమిళనాడులో దీన్ని ఆవారం అంటారు, తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "ఫర్వాలేదు, పైనున్న శాస్త్రీయ నామం వాళ్లకూ తెలుసు" అంటూ షీటు మీద సంతకం పెట్టారు.