నైట్రస్ ఎక్కించే ఇంజిన్‌కి ప్లగ్: హీట్ రేంజ్ నంబరు ఒక్కటే చాలదు

నైట్రస్ కిట్ (ఎక్కువ పవర్ కోసం ఇంజిన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ వాయువు ఎక్కించే సామగ్రి) అనగానే "ఎన్ని స్టెప్పులు చల్లటి ప్లగ్ వెయ్యాలి?" అని అడుగుతారు. స్పార్క్ ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందో చెప్పేదే హీట్ రేంజ్; త్వరగా వదిలేది చల్లటి ప్లగ్. దానికి లెక్క సులువే: ఇంజిన్‌కి అదనంగా చేరే ప్రతి 75-100 హార్స్‌పవర్‌కి ఒక స్టెప్పు. 50 హార్స్‌పవర్ లోపు షాట్ (నైట్రస్‌తో అదనంగా వచ్చే పవర్) అయితే చాలా ఇంజిన్లు కంపెనీ ఇచ్చిన హీట్ రేంజ్‌తోనే నెట్టుకొస్తాయి, గ్యాప్ (స్పార్క్ దూకే సందు) కాస్త తగ్గిస్తే సరిపోతుంది. ఇంజిన్లు పాడయ్యేది ఎక్కువగా ఈ లెక్క తప్పి కాదు, ప్లగ్ ఆకారాన్ని పట్టించుకోక.

ముందు వేడి సంగతి. గాలిలో బరువు ప్రకారం ఆక్సిజన్ 23 శాతం ఉంటే నైట్రస్‌లో 36 శాతం ఉంటుంది. సిలిండర్‌లో వేడి 300 డిగ్రీల సెల్సియస్ దాటేసరికి నైట్రస్ విడిపోయి ఆ ఆక్సిజన్‌ని వదులుతుంది. పెట్రోలు ఎక్కువ కాలుతుంది, వేగంగా కాలుతుంది, ప్రెషర్ పెరుగుతుంది. ప్లగ్ కొన మాత్రం సుమారు 450 నుంచి 850 డిగ్రీల మధ్యే ఉండాలి. అంతకన్నా చల్లబడితే మసి పేరుకుంటుంది. వేడెక్కితే స్పార్క్ రాకముందే ఆ కొనే మంట అంటిస్తుంది, అదే ప్రీ-ఇగ్నిషన్. ఒక స్టెప్పు చల్లటి ప్లగ్ వేస్తే కొన వేడి దాదాపు 70-100 డిగ్రీలు తగ్గుతుంది.

నంబర్ల దగ్గర జాగ్రత్త. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో నంబరు పెరిగితే చల్లన. బాష్, ఛాంపియన్, ఆటోలైట్‌లలో నంబరు పెరిగితే వేడి. డెన్సోలో 16, 20, 22, 24 అన్నవి ఎన్‌జీకే 5, 6, 7, 8కి సాటి, కాబట్టి 20 నుంచి 22కి పోవడం రెండు స్టెప్పులు కాదు, ఒక్కటే.

ఇప్పుడు అసలు సంగతి. హీట్ రేంజ్ చెప్పేది మధ్యలోని పింగాణీ ముక్కు గురించి. అది పొట్టిగా ఉంటే వేడి త్వరగా హెడ్‌లోకి దిగిపోతుంది, అంతే. పైన వంగి ఉండే గ్రౌండ్ స్ట్రాప్ వేడి చాలావరకు దాని వెల్డింగ్ గుండానే బయటికి పోవాలి. స్ట్రాప్ పొడుగ్గా, సన్నగా ఉండి కంబషన్ ఛాంబర్‌లోకి పొడుచుకొస్తే, మీరు ఎంత చల్లటి నంబరు కొన్నా అది ఎర్రగా కాలుతుంది. మామూలు కార్లకు కొన ముందుకొచ్చిన ప్లగ్‌లే వేస్తారు, తక్కువ లోడ్‌లో మిశ్రమం బాగా అంటుకోవడానికి. నైట్రస్‌కి అదే చేటు.

అందుకే 150 హార్స్‌పవర్ దాటిన షాట్‌కి కొన ముందుకు రాని, పొట్టి స్ట్రాప్ ఉన్న ప్లగ్‌నే ఎంచుకోమంటాను. ఎన్‌జీకే కోడ్‌లో "పీ" అక్షరం పొడుచుకొచ్చిన కొనకి గుర్తు. బీపీఆర్7ఈఎస్ బదులు బీఆర్7ఈఎస్ తీసుకుంటే మరల సైజు, పొడవు, రెసిస్టర్ అన్నీ అవే, కొన మాత్రం లోపలికి ఉంటుంది. రెసిస్టర్‌ని సూచించే "ఆర్" అక్షరాన్ని వదలొద్దు, లేకపోతే ఈసీయూకి (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కి) విద్యుత్ రొద తగులుతుంది. ఈ ప్లగ్‌తో ఐడ్లింగ్ కాస్త గరుకుగా ఉంటుంది, రోజూ దగ్గరి దూరాలకే తిప్పితే త్వరగా మసి పడుతుంది. అది భరించాల్సిందే.

లోహం విషయంలో నా ఓటు మామూలు నికెల్‌కే. నికెల్ 1455 డిగ్రీల దగ్గర, ప్లాటినం 1768, ఇరిడియం 2446 దగ్గర కరుగుతాయి కదా, ఖరీదైనదే మేలు అనిపిస్తుంది. కానీ ప్లాటినం, ఇరిడియం అన్నవి స్ట్రాప్‌కి, కొనకి అతికించిన చిన్న ముక్కలు. నాకింగ్ (మిశ్రమం దానంతటదే పేలిపోవడం) మొదలైతే అతుకు ఊడి ఆ ముక్క సిలిండర్‌లో పడే ప్రమాదం ఉంది. పైగా నైట్రస్ ఇంజిన్‌లో ప్లగ్ తరచుగా మార్చే వస్తువు, లక్ష కిలోమీటర్ల మన్నిక ఇక్కడ ఎందుకు?

గ్యాప్: ప్రెషర్ పెరిగేకొద్దీ స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. 1.1 మిల్లీమీటర్లు ఉన్నదాన్ని మామూలు షాట్‌కి 0.9కి, పెద్ద షాట్‌కి 0.7-0.8కి తేవాలి. నైట్రస్ వదులుతున్నప్పుడు మిస్‌ఫైర్ వస్తే కాలని పెట్రోలు, ఆక్సిజన్ కలిసి ఎగ్జాస్ట్‌లోకి పోతాయి, ఆ పేలుడు చిన్నగా ఉండదు. అయితే ఫ్యాక్టరీ గ్యాప్ నుంచి 0.2 మిల్లీమీటర్లకు మించి వంచకండి. స్ట్రాప్ ఏటవాలుగా తిరిగిపోతుంది. అంతకన్నా తగ్గాలంటే మొదటే తక్కువ గ్యాప్‌తో వచ్చే ప్లగ్ కొనండి. వంచేటప్పుడు పనిముట్టుని మధ్య ఎలక్ట్రోడ్‌కి ఆనించి ఎత్తితే పింగాణీ చిట్లుతుంది.

బిగింపు సరిగా లేకపోతే పైదంతా వృథా, ఎందుకంటే ప్లగ్ వేడి మరల గుండా, వాషర్ గుండా హెడ్‌లోకి పోతుంది. వదులు ప్లగ్ అంటే వేడి ప్లగ్. 14 మిల్లీమీటర్ల వాషర్ రకం, అల్యూమినియం హెడ్ అయితే 25-30 న్యూటన్ మీటర్లు. వాషర్ లేని వాలు సీటు రకానికి 10-20 చాలు. యాంటీ-సీజ్ (మర పట్టేయకుండా రాసే పేస్టు) రాస్తే మర జారి అదే టార్క్‌కి ఎక్కువ బిగుస్తుంది, పూత ఉన్న ప్లగ్‌కి అది అక్కర్లేదు.

తర్వాత ప్లగ్ చదవడం, అంటే దాని మీది గుర్తులు చూసి లోపలి సంగతి తెలుసుకోవడం. ఫుల్ థ్రాటిల్ పరుగు చివర క్లచ్ నొక్కి ఇంజిన్ ఆపేసి (స్టీరింగ్ లాక్ పడకుండా, బ్రేకు గట్టిపడుతుందని గుర్తుంచుకుని, ట్రాక్ మీద మాత్రమే) బండి ఆగాక ప్లగ్ తీయండి. ఐడ్లింగ్‌లో నడిపి తెస్తే గుర్తులు చెరిగిపోతాయి. స్ట్రాప్ మీద రంగు మారిన గీత వంపు దగ్గర ఉంటే బాగున్నట్టు. వెల్డింగ్ వైపు దిగితే వేడి ఎక్కువ, కొసన ఉంటే చల్లన. పింగాణీ మీద మిరియాల పొడి లాంటి నల్లచుక్కలు నాకింగ్‌కి గుర్తు. మెరిసే వెండి చుక్కలైతే అది పిస్టన్ అల్యూమినియం. ఆ రోజుకి నైట్రస్ ఆపండి.

అలాంటప్పుడు ఇంకో స్టెప్పు చల్లటి ప్లగ్ వేసి మళ్లీ పరుగెత్తించడం పిచ్చిపని. టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) చూడాలి: ప్రతి 50 హార్స్‌పవర్‌కి దాదాపు 2 డిగ్రీలు వెనక్కి తగ్గించాలి. బాటిల్ ప్రెషర్ చూడాలి: 900-1000 పీఎస్ఐ దాటి వేడెక్కిస్తే నైట్రస్ ఎక్కువ పోతుంది, పెట్రోలు ప్రెషర్ మాత్రం పెరగదు, మిశ్రమం లీన్ అవుతుంది (పెట్రోలు పాలు తగ్గుతుంది). పెట్రోలు జెట్, ఫిల్టర్, పంపు చూశాకే మళ్లీ ప్లగ్ దగ్గరికి రండి. వచ్చినప్పుడు మచ్చ పడ్డ ఒక్కదాన్నే కాకుండా మొత్తం సెట్ మార్చండి, పాతవాటిని సిలిండర్ నంబరు వారీగా అట్టముక్కకి గుచ్చి ఉంచుకోండి. మచ్చ ఎప్పుడూ ఒకే సిలిండర్‌లో వస్తుంటే తప్పు ప్లగ్‌ది కాదు, ఆ సిలిండర్‌కి వెళ్లే పెట్రోలుది, లేదా నైట్రస్ పంపిణీది.