అగ్నిదేవుడు తిరిగొచ్చి చెప్పని మాట

సామవేదానికి చెందిన కేనోపనిషత్తు చాలా చిన్నది, నాలుగే ఖండాలు. మొదటి రెండూ కాస్త కష్టంగా నడుస్తాయి. మూడో ఖండంలోకి రాగానే ఉన్నట్టుండి కథ మొదలవుతుంది. బ్రహ్మం, అంటే సృష్టికర్త బ్రహ్మ కాదు, అన్నిటికీ మూలమైన పరతత్వం, దేవతలకు విజయం సాధించిపెట్టింది. దేవతలేమో 'అస్మాకమేవాయం విజయః, అస్మాకమేవాయం మహిమా' అనుకున్నారు. ఈ గెలుపు మాదే, ఈ గొప్పతనమూ మాదే అని.

కథ మొదలైంది ఓటమి దగ్గర కాదు, గెలుపు దగ్గర. ఓడినవాడు ఎక్కడ తప్పు జరిగిందో రాత్రంతా తవ్వుకుంటాడు. గెలిచినవాడికి ఆ అవసరం పడదు. దారిలో చేసిన పొరపాట్లు కూడా గెలుపు ఖాతాలోకే వెళ్లిపోతాయి.

అప్పుడు దేవతల ఎదుట ఒక యక్షరూపం కనిపించింది. అదేమిటో తెలుసుకుని రమ్మని అగ్నిని పంపారు. అగ్ని వెళ్లాడు. నువ్వెవరివని యక్షమే అడిగింది. 'నేను అగ్నిని, జాతవేదుణ్ణి' అన్నాడు. జాతవేదుడంటే పుట్టిన ప్రతిదాన్నీ ఎరిగినవాడు. అంత పేరున్నవాడు, తెలుసుకోవడానికే వెళ్లినవాడు, ఎదుటివాళ్లను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు! తన పేరు, బిరుదు, భూమ్మీద ఉన్నదంతా కాల్చేయగలనన్న గొప్ప చెప్పుకున్నాడు. యక్షం ఒక గడ్డిపరక ముందు పెట్టి, కాల్చమంది. ఉన్న బలమంతా పెట్టినా కాలలేదు.

నన్ను ఎప్పుడూ ఆపేసేది దీని తర్వాతి వాక్యం. అగ్ని వెనక్కి వచ్చి దేవతలతో అన్న మాట ఇంతే: 'ఈ యక్షమేమిటో తెలుసుకోలేకపోయాను.' గడ్డిపరక ఊసే లేదు. అబద్ధం ఆడలేదు, కానీ అసలు సంగతి చెప్పలేదు. ఫలితం వెంటనే కనిపిస్తుంది. తర్వాత వాయువు వెళ్లాడు. అదే ప్రశ్న, అదే తరహా గొప్పలు, అదే పరీక్ష. ఎగరేయలేకపోయాడు. తిరిగొచ్చి అదే మాట అప్పజెప్పాడు.

నేనూ ఒకసారి ఇలాగే చేశాను. వరుసగా నాలుగైదు పనులు కలిసొచ్చిన రోజులవి. నా చేతిలో పెట్టిన ఒక పని పాడైంది. మీటింగులో 'టైమ్ సరిపోలేదు' అన్నాను. అది నిజమే. నాకంటే చాలా చిన్నవాడు ముందే హెచ్చరించాడనీ, నేను వినిపించుకోలేదనీ మాత్రం నోట రాలేదు. నా తర్వాత ఆ పని తీసుకున్నాయన సరిగ్గా అదే చోట దెబ్బతిన్నారు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందన్న టెన్షన్ పైకి కనిపించేదే. లోపల ఇంకొకటుంది. ఇన్నాళ్లూ నన్ను గెలిపించింది నా తెలివేనని నమ్ముకున్నాక, ఆ తెలివే తప్పు చేసిందంటే పాత గెలుపులన్నిటినీ మళ్లీ లెక్క చూసుకోవాలి. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక ఇంద్రుడు వెళ్లాడు. యక్షం మాయమైపోయింది. ఇంద్రుడినన్న అభిమానాన్ని మరింతగా పోగొట్టడానికే అతనితో మాట కూడా కలపలేదంటారు ఈ ఉపనిషత్తుకు భాష్యం రాసిన ఆదిశంకరులు. ఎంత పెద్ద పదవిలో ఉంటే అంత పెద్ద దెబ్బ అన్నమాట. కానీ ఇంద్రుడు వెనుదిరగలేదు. ఆ ఖాళీ చోటే ఉన్నాడు. అక్కడే ఉమా హైమవతి, అంటే పార్వతీదేవి, కనిపించింది. అగ్ని, వాయువు అడగని ప్రశ్న అతను అడిగాడు, ఆ యక్షమేమిటని. అది బ్రహ్మమనీ, బ్రహ్మం సాధించిన విజయం వల్లే మీకీ గొప్పతనమనీ అమ్మ చెప్పింది.

ఇంద్రుడు అంతటితో మారిపోయాడనుకోకండి. భాగవతం ఆరో స్కంధంలో కొలువులోకి వచ్చిన గురువు బృహస్పతిని చూసి కూడా లేచి నిలబడడు. వెంటనే పశ్చాత్తాపపడతాడు, కానీ అప్పటికే గురువు వెళ్లిపోయాడు. సింహాసనం మీద కూర్చున్నవాడికి ఈ పాఠం ఒక్కసారితో వంటబట్టదేమో.

ఉపనిషత్తు మాత్రం ఎవరినీ చిన్నబుచ్చదు. ఆ బ్రహ్మానికి అంత దగ్గరగా వెళ్లినందుకు అగ్ని, వాయువు, ఇంద్రుడు ముగ్గురూ తక్కిన దేవతలను మించినవారంటుంది. అందులో ఇద్దరు గడ్డిపరక దగ్గర ఓడి వచ్చినవాళ్లే. తక్కిన దేవతలు కూర్చున్న చోటు నుంచి కదల్లేదు, వాళ్లకు ఏ పరీక్షా ఎదురవలేదు.