కొమ్ము కొంగ మెడ మీద వెలుగు: పర్లాకిమిడి నుంచి నా ఫ్లాష్ లాగ్

ఎక్స్‌టర్నల్ ఫ్లాష్ కొనాలనుకునే ప్రతివాళ్ళూ ముందు అడిగేది "పవర్ ఎంత?" అని. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో గేదె కొమ్ముతో చేసే బొమ్మల ఫొటోలు తీయడం మొదలుపెట్టాక నాకు పవర్ కన్నా ముఖ్యమైనవి రెండు కనిపించాయి. ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించి ఎక్కడ పెట్టగలం, దాని వెలుగుని ఎంత వెడల్పు చేయగలం. ఈ రెండూ కుదిరితే చవక ఫ్లాష్‌తోనే చాలా పని అవుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైనది కొన్నా నెత్తి మీద టార్చ్ పెట్టుకుని తీసినట్టే ఉంటుంది ఫొటో.

నా దగ్గరున్నది నికాన్ డి5600, కిట్ లెన్సు 18-55, ఒక 35 ఎంఎం ఎఫ్/1.8. ఇవే కెమెరాలు మా వైపు చాలామంది దగ్గర ఉన్నాయి కాబట్టి వివరంగా రాస్తున్నా.

ఎండాకాలం: ఏది కొనాలి

ముందు ఊళ్ళో స్టూడియో నడిపే ఒక పెద్దాయన తన ఫిల్ము రోజుల నాటి ఫ్లాష్ ఇస్తానన్నారు. ప్రేమగా ఇచ్చారు, పని కూడా చేస్తోంది. కానీ పాత ఫ్లాషుల్లో ఒక సంగతి చూసుకోవాలి, ట్రిగ్గర్ వోల్టేజ్. అప్పటి ఫ్లాషుల్లో కొన్ని హాట్ షూ (కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే గాడి) పిన్ను మీదికే రెండు వందల వోల్టులు దాటి పంపిస్తాయి. నికాన్ మాన్యువల్లో 250 వోల్టులు దాటకూడదని రాశారు, కొన్ని పాత డిజిటల్ కెమెరాలైతే అంతకంటే చాలా తక్కువే తట్టుకుంటాయి. చూసుకోవడం తేలికే: సెల్స్ వేసి ఆన్ చేసి, రెడీ లైటు వెలిగాక, మల్టీమీటర్‌ని డీసీ మీద పెట్టి ఫ్లాష్ అడుగున మధ్య పిన్నుకి ఒక వైరు, పక్కనున్న లోహానికి ఇంకో వైరు తాకించాలి. ఆయనిచ్చినది రెండు వందలకి దగ్గరగా చూపించింది. నికాన్ హద్దు లోపలే అయినా నేను కెమెరా మీద పెట్టలేదు, పెట్టను కూడా. ఇంకో మాట, పాత ఫ్లాష్ విప్పి చూద్దామని ఎవరికైనా అనిపిస్తే వద్దు. స్విచ్ ఆపి సెల్స్ తీసేశాక కూడా లోపల కెపాసిటర్‌లో మూడు వందల వోల్టుల దాకా ఉండొచ్చు.

కొత్తది కొనేటప్పుడు తేల్చుకోవాల్సింది టీటీఎల్ కావాలా, మాన్యువల్ చాలా అని. టీటీఎల్ అంటే కెమెరా ముందు చిన్న ఫ్లాష్ ఒకటి కొట్టి, తిరిగొచ్చిన వెలుగు కొలిచి, పవర్ తనే ఎంచుకుంటుంది. పెళ్ళిలో పరిగెడుతూ తీసేవాళ్ళకి అది కావాల్సిందే. నేను తీసేదేమో నల్లటి కొమ్ము కొంగ. కెమెరా ఆ నలుపుని చూసి వెలుగు తక్కువైందనుకుని పవర్ పెంచుతుంది, కొంగ బూడిద రంగులోకి పోతుంది. వెనక తెల్ల షీటు పెడితే ఉల్టా, పవర్ తగ్గించి షీటుని బూడిద చేస్తుంది. మాన్యువల్లో ఈ గొడవ లేదు, ఒకసారి ఫుల్ పవర్‌లో 1/16 వంతు అని పెడితే ప్రతి ఫొటోకీ అదే 1/16. అందుకే గోడాక్స్ టీటీ600 తీసుకున్నా. పూర్తిగా మాన్యువల్, నాలుగు ఏఏ సెల్స్, లోపలే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో రిసీవర్ ఉంది. యోంగ్‌నువో వైఎన్560 ఫోర్ కూడా ఇలాంటిదే, దాంట్లోనూ రేడియో ఉంది. కాకపోతే ఆ రేడియో ఈ రేడియో కలవవు, రేపు రెండో ఫ్లాష్ కొన్నా అదే కంపెనీ దగ్గరికి వెళ్ళాలి. కాబట్టి ఫ్లాష్ ఒక్కటే చూసి కొనకండి, ముందుముందు ఏయే సామాను చేర్చుకుంటారో అదీ చూసుకోండి.

కెనాన్ వాళ్ళకి ఒక హెచ్చరిక. 200డి మార్క్ టూ, 3000డి లాంటి మోడళ్ళలో హాట్ షూ మధ్యలో ఉండాల్సిన గుండ్రటి కాంటాక్ట్ లేదు. ఒక్క పిన్నుతో పనిచేసే మాన్యువల్ ఫ్లాష్ వాటి మీద వెలగదు. కొనే ముందు మీ కెమెరా నెత్తిన ఒకసారి చూసుకోండి. సోనీ వాళ్ళ షూ వేరు, వాళ్ళకి టీటీ600ఎస్ అని విడిగా ఉంది.

డి5600 వాళ్ళకీ ఒకటి. మన కెమెరాకి హై స్పీడ్ సింక్ (హెచ్ఎస్ఎస్, అంటే బాగా వేగమైన షట్టర్‌తో కూడా ఫ్లాష్ వాడే వీలు) లేదు. నికాన్ దాన్ని ఆటో ఎఫ్‌పీ అంటుంది, ఈ బాడీలో పెట్టలేదు. ఫ్లాష్ డబ్బా మీద హెచ్ఎస్ఎస్ అని రాసి ఉన్నా మనకి షట్టర్ 1/200 దగ్గరే ఆగుతుంది. ఎందుకంటే అంతకన్నా వేగమైతే షట్టర్ తెరలు సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి తెరిచి ఉంచవు, సన్నటి చీలికలా జరుగుతాయి, ఆ క్షణంలో ఫ్లాష్ పడితే మిగతా భాగం నల్ల పట్టీలా వస్తుంది. కాబట్టి మనం హెచ్ఎస్ఎస్ కోసమని ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు.

డబ్బా మీద గైడ్ నంబర్ 60 అని ఉంటుంది, ఫ్లాష్ వెలుగు ఎంత దూరం చేరుతుందో చెప్పే అంకె అది. అది జూమ్ హెడ్‌ని (వెలుగుని సన్నగానో వెడల్పుగానో చేసే ఫ్లాష్ తల) 200 ఎంఎం దగ్గర, అంటే సన్నగా పెట్టి కొలిచినది. 35 ఎంఎం దగ్గర పెడితే బాగా తగ్గిపోతుంది. లెక్క సులువు: గైడ్ నంబర్‌ని ఎఫ్ నంబర్‌తో (లెన్సు రంధ్రం, అంటే అపర్చర్ సైజు చెప్పే అంకె) భాగిస్తే ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని ఎంతగా పట్టుకుంటుందో చెప్పే అంకె) 100 దగ్గర ఎన్ని మీటర్ల దాకా వెలుగు సరిపోతుందో వస్తుంది. 40 అనుకుంటే ఎఫ్/8 కి 5 మీటర్లు, ఐఎస్ఓ 400 చేస్తే 10 మీటర్లు. బల్ల మీద బొమ్మలకి ఇందులో పిసరంత చాలు.

రేడియో ట్రిగ్గర్ (కెమెరా మీద పెడితే దూరంగా ఉన్న ఫ్లాష్‌ని వెలిగించేది) కొరియర్‌లో వచ్చే లోపల ఆగలేక, కెమెరా మీదున్న బుల్లి ఫ్లాష్‌ని మెనూలో మాన్యువల్ 1/32 కి తగ్గించి, టీటీ600 ని ఎస్1 మోడ్‌లో పెట్టా. ఆ చిన్న మెరుపు చూసి పెద్దది వెలుగుతుంది. చిన్నది టీటీఎల్‌లో ఉంటే మాత్రం ఎస్2 పెట్టాలి, లేదంటే కొలత కోసం కొట్టే మొదటి మెరుపుకే పెద్దది పేలిపోతుంది. గదిలో బాగానే పనిచేస్తుంది, ఎండలో నమ్మకం లేదు. తర్వాత ఆ ట్రిగ్గర్, గోడాక్స్ ఎక్స్2టి నికాన్ మోడల్, వచ్చింది, ఇక తిరిగి చూడలేదు. ట్రిగ్గర్ మాత్రం మీ కెమెరా కంపెనీ కోసం చేసిన మోడలే అయి ఉండాలి, ఎన్ అంటే నికాన్, సి అంటే కెనాన్.

వానలు మొదలయ్యాక: సెల్స్, ఆపైన కొంగ

సెల్స్ గురించి గట్టిగా చెప్తున్నా. బజార్లో ఏఏ రీఛార్జబుల్ మీద 4000 ఎంఏహెచ్ అని ముద్రించినవి కనిపిస్తే కొనకండి, ఆ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులో అంత పట్టదు. 2000 ఎంఏహెచ్ ఉన్నా ఫరవాలేదు, నిలవ ఉంచితే ఛార్జ్ దిగిపోని రకం తీసుకోండి. నేను వాడేది ఎనిలూప్. మామూలు ఆల్కలైన్ సెల్స్‌తో మొదట్లో బాగుంటుంది, కాసేపటికి రెడీ లైటు కోసం కాచుకు కూర్చోవాల్సి వస్తుంది. వాడని రోజుల్లో సెల్స్ తీసి పెట్టండి. మా ఊరి వానాకాలం తేమకి నేను ఫ్లాష్‌ని మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నా.

ఇక అసలు పని. మా వీధికి దగ్గర్లో ఒక బాబాయి కొమ్ము పని చేస్తారు. గేదె కొమ్ముని వేడి చేసి మెత్తబరిచి వంచి, ఆకురాయితో రాసి, నున్నగా పాలిష్ పెట్టి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. వాటి ఫొటోలు కొనేవాళ్ళకి ఫోన్‌లో పంపాలని ఆయన కోరిక. కెమెరా మీదే ఫ్లాష్ పెట్టి తీసిన మొదటి ఫొటో చూపిస్తే, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఏటిరా బాబూ, మెడ మీద ఆ తెల్ల మచ్చేటి? పాలిష్ లేచిపోయిందనుకుంటారు" అన్నారు.

ఆయన చూపించిన ఆ మచ్చే మొత్తం పాఠం. పాలిష్ పెట్టిన కొమ్ముకి సొంతంగా చూపించే రంగు తక్కువ, చుట్టూ ఉన్నదాన్ని తన మీద చూపిస్తుంది. ఫ్లాష్ తల అరచేతిలో సగం ఉంటుంది కాబట్టి కొంగ మెడ మీద కనిపించేది ఆ చిన్న పలకే, కళ్ళు చెదిరే తెల్ల చుక్కగా. పవర్ తగ్గిస్తే చుక్క ఉండనే ఉంటుంది, మిగతా బొమ్మ మాత్రం చీకట్లోకి పోతుంది. చుక్క పోవాలంటే పలక పెద్దదవ్వాలి.

స్టేషనరీ కొట్టులో బటర్ పేపర్, రెండు తెల్ల థర్మోకోల్ షీట్లు కొన్నా. వెదురు బద్దలతో చదరంగా చట్రం కట్టి బటర్ పేపర్ అంటించి, కొంగకి ఎడమ పక్క జానెడు దూరంలో కొంచెం ముందుకి వంచి నిలబెట్టా. ఫ్లాష్ ఆ కాగితం వెనక రెండు అడుగుల దూరంలో ఉంటుంది. ఇక్కడే చాలామంది ఫ్లాష్‌ని కాగితానికి ఆనించేస్తారు, అలా చేస్తే కాగితం మధ్యలో మాత్రమే వెలిగి మళ్ళీ చుక్కే వస్తుంది. వెనక్కి జరిపి, జూమ్ హెడ్‌ని 24 ఎంఎం కి తెస్తే కాగితం అంచు నుంచి అంచుకి సమానంగా వెలుగుతుంది. కుడి పక్క థర్మోకోల్ ఒకటి.

ఇప్పుడు ముక్కు మొదలు నుంచి మెడ వంపు వెంట రెక్క దాకా ఒకే పొడవాటి మెత్తటి గీత. ఆ గీత పక్కనే కొమ్ములోని సన్నటి చారలు, నలుపులో కలిసిన గోధుమ రంగు, అంతకుముందు నా కంటికే ఆనలేదు. రెక్క అంచు పల్చగా ఉన్నచోట వెనక నుంచి కాస్త వెలుగు పడితే తేనె రంగులో మెరుస్తుంది. బాబాయికి చూపిస్తే ఏమీ అనకుండా లోపలికెళ్ళి రొయ్య తెచ్చి బల్ల మీద పెట్టారు.

సెట్టింగులు: ఐఎస్ఓ 100, 1/200, ఎఫ్/11, ఫ్లాష్ 1/8 నుంచి 1/4 మధ్య, వైట్ బ్యాలెన్స్ ఫ్లాష్ గుర్తు మీద. ముందు ఫ్లాష్ ఆపి ఒక ఫొటో తీస్తా, పూర్తి నల్లగా రావాలి. వచ్చిందంటే గదిలోని ట్యూబ్ లైటు లెక్కలో లేనట్టే. ఆ తర్వాత ఫొటోలో ఎంత వెలుగున్నా అది ఫ్లాష్‌దే, సరిచేయడం తేలిక. గుర్తుంచుకోవాల్సింది ఇదే: షట్టర్ మార్చితే గది వెలుగు మారుతుంది, ఫ్లాష్ వెలుగు మారదు. అపర్చర్, ఐఎస్ఓ మార్చితే రెండూ మారతాయి.

పోలరైజర్ ఫిల్టర్‌తో మెరుపు తీసేయొచ్చని కొందరు చెప్తారు. పెట్టి చూశా, మెరుపు తగ్గుతుంది, దాంతోపాటు పాలిష్ కూడా మాయమై బొమ్మ ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. ఆ మనిషి గంటలు కూర్చుని పెట్టిన పాలిష్‌ని ఫొటోలో చెరిపేయడం నాకు నచ్చలేదు.

ఆయన ఆకురాయి పట్టుకుని పనిచేస్తుండగా కూడా తీశా. ఫ్లాష్‌ని ఆయన భుజం వెనక్కి, కాస్త పైకి పెట్టి 1/64 లో కొడితే గాల్లోకి లేచే కొమ్ము పొడి రేణువు రేణువుగా వచ్చింది. పవర్ తగ్గేకొద్దీ మెరుపు వ్యవధి తగ్గుతుంది, ఫుల్‌లో సెకనులో కొన్ని వందల వంతు ఉండేది కింది పవర్లలో వేల వంతుకి పడిపోతుంది. కదిలేవాటిని ఆపేది ఆ వ్యవధి, షట్టర్ కాదు. దీనికి ఐఎస్ఓ 800 దాకా పెంచాల్సి వచ్చింది.

శ్రావణం: పెళ్ళిళ్ళు, నాయనమ్మ కళ్ళజోడు

బంధువుల పెళ్ళి పాతపట్నంలో. ఫ్లాష్ తలని పైకి తిప్పి సీలింగ్‌కి కొట్టమని అందరూ చెప్పే మాట తెల్ల స్లాబు ఉన్న ఇంట్లో మాత్రమే పనిచేస్తుంది. మా వైపు పాత పెంకుటిళ్ళలో పైన నల్లబడ్డ దూలాలు, వెలుగు మొత్తం అవే మింగేస్తాయి. షామియానా కింద ఇంకో ఇబ్బంది, గులాబీ రంగు గుడ్డకి కొడితే పెళ్ళికూతురు మొహం గులాబీ, ఆకుపచ్చ సున్నం వేసిన గోడకి కొడితే ఆకుపచ్చ. రంగు మొత్తం ఒకేలా ఉంటే కంప్యూటర్‌లో దిద్దొచ్చు, మొహంలో ఒక పక్క ఒక రంగు ఇంకో పక్క ఇంకో రంగు పడితే దిద్దలేం.

నేను చేసింది, తెల్ల పంచె ఒకటి నాలుగు మడతలు వేసి తీగ మీద ఆరేసి దానికి కొట్టడం. పసుపు బల్బులున్నచోట ఫ్లాష్ మీద నారింజ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) వేయాలి. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, పసుపు బల్బు 3000 కి అటూ ఇటూ, జెల్ లేకపోతే మొహం తెల్లగా నీలంగా, వెనక ఇల్లంతా పసుపుగా వస్తుంది. షట్టర్ 1/30 కి దించితే వెనక దీపాల వరస కూడా ఫొటోలోకి వస్తుంది.

నాయనమ్మని వీధి అరుగు మీద కూర్చోబెట్టి తీసినప్పుడు కళ్ళజోడులో పంచె మొత్తం తెల్లగా కనిపించింది. ఫ్లాష్‌ని, పంచెని పక్కకి జరిపి ఎత్తు పెంచుకుంటూ పోయా, గడ్డం ఒక పిసరు కిందికి దించమన్నా, పోయింది. కొమ్ము మీద నేర్చుకున్నదే ఇదీ, వెలుగు ఏ కోణంలో పడుతుందో అదే కోణంలో తిరిగి వెళ్తుంది, ఆ దారిలో కెమెరా లేకుండా చూసుకోవాలి.

ఫ్లాష్ వెలుగుని వెడల్పు చేసే గొడుగు పెట్టిన స్టాండ్, ఇంట్లో ఫ్యాన్ వేసి ఉంటే పడిపోతుంది. స్టాండ్ కాలికి నీళ్ళ సీసా వేలాడదీయండి. గుడి లోపల, పసిపిల్లల మొహం మీదికి నేరుగా నేను ఫ్లాష్ వాడను.

ఇప్పుడు నడుస్తున్నది

నల్ల బొమ్మని నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తీయడం మీద కూర్చున్నా. బ్యాక్‌గ్రౌండ్ నల్లబడడం కష్టం కాదు. ఫ్లాష్ బొమ్మకి అర మీటరు, గోడకి మీటరున్నర దూరంలో ఉంటే గోడ మీద తొమ్మిదో వంతు వెలుగే పడుతుంది, మూడు స్టాపులకి పైనే తేడా (ఒక స్టాపు అంటే వెలుగు సగం అవడం). కొంగ వీపు ఆ నలుపులో కలిసిపోతోంది, అదీ చిక్కు. వెనక రెండు పక్కలా సన్నటి థర్మోకోల్ పట్టీలు నిలబెడితే ఎడమ అంచు వచ్చింది, కుడి అంచు ఇంకా మధ్యలో తెగిపోతోంది. రెండో టీటీ600 కి డబ్బు పక్కన పెడుతున్నా, అదొస్తే వేరే గ్రూపులో పెట్టి ట్రిగ్గర్ నుంచే దాని పవర్ విడిగా మార్చుకోవచ్చు. ఈలోపు దసరా ఆర్డర్ల కోసం బాబాయికి రొయ్యలు, దువ్వెనలు తెల్ల షీటు మీదే తీసిస్తున్నా.