పాత వింగులో గది ఉందా?

మా ఇళ్లల్లో పెద్ద హోటల్లో దిగే అలవాటు ఎవరికీ లేదు. ఊరెళితే చుట్టాలిల్లు, పుణ్యక్షేత్రమైతే సత్రం, ఏదీ కుదరకపోతే స్టేషనెదురుగా లాడ్జి. ఏళ్ల తరబడి కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక నాకొక సరదా పట్టుకుంది. వెళ్లిన ఊళ్లో వందేళ్లు దాటిన పెద్ద హోటలుంటే అందులో ఒక్క రాత్రి ఉండాలి. మిగతా రాత్రులు మామూలు చోటే. మా ఆయన బ్యాంకులో చేసి వచ్చిన మనిషి. లెక్కలు ఆయన చూస్తారు, ఏ హోటలన్నది నేను చూస్తాను. అందుకే గొడవలు కాస్త తక్కువ.

బొంబాయి తాజ్‌మహల్ ప్యాలెస్‌తో మొదలుపెట్టాం. బంధువుల పెళ్లికని వెళ్లి, పెళ్లయిన మర్నాడు అక్కడ దిగాం. బుక్ చేసేటప్పుడే అసలు కిటుకు తెలిసింది. కొత్త హోటల్లో ఏ అంతస్తులో గదిచ్చినా ఒకటే. ఈ పాత హోటళ్లలో అలా కాదు. పాత భవనం పక్కన ఎప్పుడో ఇంకోటి కట్టి ఉంటారు. సైట్లో రెండూ ఒకే పేరు కింద కనబడతాయి. మన కంటికి చవగ్గా ఆనేది చాలాసార్లు ఆ రెండోదే. తాజ్‌లో పాత భవనం 1903 నాటిది, పక్కన నిలబడ్డ టవర్ 1970ల్లో వచ్చింది. టవర్‌లో గది తీసుకున్నా పాత భవనంలో తిరగొచ్చు కదా అన్నారు మా ఆయన. తిరగొచ్చు. కానీ రాత్రి పదకొండింటికి, జనం సద్దుమణిగాక, గది తలుపు తీసి నేరుగా ఆ కారిడార్లోకి రావడం వేరు. రెయిలింగ్ దగ్గర నిలబడి కిందికి చూస్తే, స్తంభాల ఆసరా లేకుండా గోడల్లోంచి చాచినట్టున్న మెట్లు అంతస్తు తర్వాత అంతస్తు దిగిపోతూ కనబడతాయి. పైన గుమ్మటం. నేను ఒక్కదాన్నే అక్కడ చాలాసేపు నిలబడ్డాను.

ఆ హోటల్ గురించి టాక్సీవాళ్లు చెప్పే కథ ఒకటుంది. ప్లాన్ గీసిన దొర సముద్రం వైపు ముఖం పెట్టమంటే మనవాళ్లు వెనక్కి తిప్పి కట్టేశారని, అది చూసి ఆయన ప్రాణం తీసుకున్నాడని. వట్టి కల్పన. ప్లాన్ గీసింది సీతారాం ఖండేరావు వైద్య, డి.ఎన్. మీర్జా. వైద్య మధ్యలోనే చనిపోతే చాంబర్స్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్ట్ పూర్తి చేశాడు. గుర్రబ్బళ్లు వచ్చేది ఊరి వైపు నుంచి కాబట్టి గుమ్మం అటు పెట్టారు. ఇప్పుడు ఈతకొలను ఉన్నది ఆ వైపే. ఎదురుగా కనిపించే గేట్‌వే ఆఫ్ ఇండియా 1924లో పూర్తయింది, అంటే హోటలే పెద్దది. 2008 నవంబర్ దాడుల తర్వాత పాత భవనాన్ని బాగుచేసి 2010 ఆగస్టు 15న మళ్లీ తెరిచారు. హోటల్లో చనిపోయిన 31 మంది పేర్లతో కింద ఒక స్మారకం పెట్టారు. మా ఆయన ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా చదివారు.

ఇక డబ్బు సంగతి. సైట్లో కనిపించే రేటు మనం కట్టే రేటు కాదు. మన దేశంలో రోజుకు 7500 రూపాయలు దాటిన గదికి 18 శాతం జీఎస్టీ. సింగపూర్‌లో రేటు పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటాయి. ఒకటి 10 శాతం సర్వీస్ చార్జీ, రెండోది 9 శాతం పన్ను. ఆ పన్ను సర్వీస్ చార్జీ మీద కూడా పడుతుంది కాబట్టి 1000 డాలర్ల గది 1199 అవుతుంది. మలేషియాలో విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్‌లు టూరిజం పన్ను కట్టాలి. చిన్న మొత్తమే, కానీ బుకింగ్‌లో కలవలేదని కౌంటర్ దగ్గర అడిగేసరికి మనకు మోసమేమో అనిపిస్తుంది. మోసమేమీ కాదు.

దిగగానే డిపాజిట్ పేరుతో కార్డు మీద కొంత మొత్తం బ్లాక్ చేస్తారు. క్రెడిట్ కార్డు ఇస్తే లిమిట్ తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డు ఇస్తే ఖాతాలో డబ్బే ఇరుక్కుంటుంది. ఒక హోటల్లో మాతో పాటు దిగిన ఒకాయనకి ఆ డబ్బు తిరిగొచ్చేసరికి వారాలు పట్టిందట, అందాకా ఒకటే టెన్షన్. బిల్లు కట్టేటప్పుడు మెషీన్ రూపాయల్లోనా, స్థానిక కరెన్సీలోనా అని అడుగుతుంది. రూపాయలని నొక్కితే వాళ్లకిష్టమొచ్చిన మారకం రేటు పడుతుంది. మా ఆయన స్థానిక కరెన్సీయే నొక్కుతారు, ఎదుటివాళ్లు రూపాయలే మేలని ఎంత చెప్పినా సరే.

ఇంకొక సంగతి. ఫోన్ చెయ్యకుండా మెయిల్ రాయాలి. పాత భవనంలో గది, లిఫ్ట్‌కి దూరంగా, కిటికీలోంచి గోడ కాకుండా ఇంకేమైనా కనిపించేలా అని మూడు ముక్కలు రాస్తే చాలు. ఒకచోట అలా రాయకుండా వెళ్తే కిటికీ తెరవగానే ఏసీ మెషీన్ల వరుస కనబడింది. వర్షాకాలంలో, వారం మధ్యలో వెళితే రేటు చాలా తగ్గుతుంది. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికో మూడింటికో అయినా మేం పదకొండింటికే చేరిపోతాం. సామాను వాళ్లకప్పగించి వరండాల్లో కూర్చుంటాం. ఆ రోజు ఊరు చూసే పని పెట్టుకోం. అంత డబ్బు పోసి బస్సెక్కి తిరగడమేమిటి?

బట్టల గురించి అమ్మాయి ముందే హెచ్చరించింది, డ్రెస్ కోడ్ ఉంటుందమ్మా అని. నేను చీరలోనే వెళ్లాను. ఏ దేశంలోనూ, ఏ డైనింగ్ హాల్లోనూ ఎవరూ ఒక్క మాట అనలేదు. మా ఆయన మాత్రం చెప్పులు వదిలి బూట్లు తొడుక్కోవాల్సి వచ్చింది.

కొలంబోలో గాల్ ఫేస్ హోటల్ 1864 నాటిది. అప్పటికి సూయెజ్ కాలువ లేదు. 1869లో అది తెరుచుకున్నాక ఓడలన్నీ ఈ దారి పట్టాయి, హోటల్ దశ తిరిగింది. సముద్రం గోడకి ఆనుకునే ఉంటుంది. సాయంత్రం ఒకాయన బ్యాగ్‌పైపు వాయిస్తుండగా జెండా దించుతారు. అందరూ ఫోన్లు పట్టుకుని లేచి నిలబడతారు. ఈ హోటల్లో కుట్టన్ అనే కేరళ మనిషి 1942 నుంచి పనిచేశాడు, గుమ్మం దగ్గర నిలబడే మనిషిగా పేరుపొందాడు. తెల్లటి గుబురు మీసాలు, తెల్లటి యూనిఫాం. 2014లో, తొంభై దాటాక పోయాడు. రాజులకి, వ్యోమగామికి తలుపు తీసిన చెయ్యి. మేం వెళ్లేసరికి ఆయన లేడు. అంత పాత హోటల్‌కి పేరు తెచ్చింది గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక దక్షిణాది పనివాడు కావడం నాకు నచ్చింది.

అన్నిటికన్నా నాకు మనసులో నిలిచింది మలేషియాలో, పెనాంగ్‌లోని ఈస్టర్న్ అండ్ ఓరియంటల్ హోటల్. అమ్మాయి సింగపూర్‌లో ఉంటుంది, అక్కడి నుంచి విమానంలో గంటన్నర లోపే. 1885లో సార్కీస్ సోదరులు మొదలుపెట్టారు దీన్ని. ఆర్మేనియన్లు. సింగపూర్ రాఫిల్స్, రంగూన్ స్ట్రాండ్ కూడా వీళ్లవే. ఇక్కడా బుకింగ్‌లో జాగ్రత్త పడాలి. విక్టరీ అనెక్స్ అనే పేరు చూసి పాతదనుకుంటాం, అది 2013లో తెరిచిన భవనం. పాతది కావాలంటే హెరిటేజ్ వింగ్ అని అడగాలి.

లాబీలో గుమ్మటం కింద సరిగ్గా మధ్యలో నిలబడి మాట్లాడితే మన గొంతు మనకే పైనుంచి తిరిగొస్తుంది. ఒక్క అడుగు పక్కకి జరిగితే లేదు. పనివాళ్లే పిలిచి అక్కడ నిలబెడతారు. మా ఆయన గొంతు సవరించుకుని "గోవిందా" అన్నారు. పక్కనున్న చైనా దంపతులు చప్పట్లు కొట్టారు.

అక్కడ పొద్దున టిఫిన్ దగ్గర వడ్డించే ఒక పెద్దాయన నా బొట్టు, చీరకట్టు చూసి "తెలుగువాళ్లా?" అని అడిగాడు. వాళ్లది పేరాక్ రాష్ట్రంలో బాగన్ డాతో వైపు. తాతగారు శ్రీకాకుళం దగ్గర్నుంచి ఓడెక్కి తోటల్లో పనికి వచ్చాడట. ఈ హోటల్ చరిత్ర అప్పటికే చదివి ఉన్నాను కాబట్టి ఆ మాట నన్ను వదల్లేదు. ఆర్షక్ సార్కీస్ 1920ల్లో ఇక్కడ బాల్‌రూమ్ కట్టించాడు, హోటల్ని విస్తరించాడు. వచ్చి నాట్యాలు చేసినవాళ్లు రబ్బరు తోటల దొరలు. రబ్బరు ధర పడిపోగానే దొరల జేబులు ఖాళీ అయ్యాయి, బాకీలు వసూలు కాలేదు, ఆర్షక్ పోయిన 1931లోనే సంస్థ దివాలా తీసింది. ఆ రబ్బరు పాలు తీసిన చేతుల్లో మన ఉత్తరాంధ్ర చేతులూ ఉన్నాయి. దివాలా లెక్కల్లో దొరల బాకీలు ఉన్నాయి, ఈ పెద్దాయన తాత కూలి ఎక్కడా లేదు. ఇప్పుడు మనవడు హుందాగా ఇడ్లీ తెమ్మంటారా అని నన్నడుగుతున్నాడు. సంతోషపడాలో ఏమనుకోవాలో తేలక, తెమ్మన్నాను.

శాకాహారులకి అక్కడ ఒక జాగ్రత్త చెప్పింది కూడా ఆయనే. నాసి లెమాక్ అంటే కొబ్బరిపాలలో ఉడికించిన అన్నం, అంతవరకు బాగానే ఉంటుంది. పక్కన పెట్టే ఎర్రటి సంబల్‌లో ఎండు చేపలో, రొయ్యల ముద్దో పడుతుంది. చూడ్డానికి మన టమాటా పచ్చడిలాగే ఉంటుంది మరి.

రాఫిల్స్‌లో మేం దిగలేదు. అక్కడ అన్నీ సూట్లే, రేటు విన్నాక మా ఆయన నావైపు చూశారు, నేను సరేనన్నాను. లోపలి భాగాల్లోకి దిగినవాళ్లనే రానిస్తారు. లాంగ్ బార్‌లో మాత్రం ఎవరైనా కూర్చోవచ్చు. వేరుశనగకాయలు వలిచి తొక్కలు నేలమీదే పారేయడం అక్కడి ఆనవాయితీ. సింగపూర్‌లో! మందు లేని పానకం ఒకటి తాగి, శనగకాయలు తిని వచ్చేశాం.

హైదరాబాద్‌లో ఉంటూ ఫలక్‌నుమాని ఆఖరికి పెట్టుకున్నాం, ఇంటి పక్కదేగా అని. కారు కింద గేటు దగ్గరే ఆగుతుంది. అక్కడి నుంచి గుర్రపు బగ్గీలో కొండెక్కిస్తారు, మెట్ల దగ్గర పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. కొంచెం పెళ్లివారి హడావుడిలా ఉంటుంది, నాకైతే సిగ్గేసింది. దీన్ని కట్టించింది ‘పైగా’ అనే వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా, 1884లో మొదలుపెట్టి. కట్టేసరికి అప్పులపాలయ్యాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా వచ్చి ఉండి, ముచ్చటపడి, తీసేసుకున్నాడు. దశాబ్దాల పాటు తాళాలు పడి ఉంటే, నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా పూనికతో బాగుచేయించి 2010లో హోటల్‌గా తెరిచారు. అరవై గదులే. పాత వింగా, కొత్త వింగా అన్న ప్రశ్న ఇక్కడ లేదు. ముందు భాగంలోని హాళ్లు చూడాలంటే సాయంత్రం అతిథులని తిప్పే నడకలో చేరాలి. గదిలో కూర్చుంటే అది పోతుంది, కాబట్టి దిగగానే సమయం కనుక్కోవాలి.

ఆ నడకలోనే 101 మంది కూర్చునే భోజనాల బల్ల చూపించారు. ఈ చివర గుసగుసలాడితే ఆ చివరికి వినబడుతుందని చెప్పారు. మా ఆయన్ని అటు పంపి, నేనిక్కణ్నుంచి మెల్లగా "బీపీ మాత్ర వేసుకున్నారా?" అన్నాను. అక్కణ్నుంచి తల అడ్డంగా ఊపారు.

అంత ఖర్చు వద్దనుకునేవాళ్లు అక్కడ టీకి బుక్ చేసుకుని వెళ్లొచ్చు. బుకింగ్ లేకుండా వెళితే గేటు దాటనివ్వరు. ఓలా ఆటోలో వెళ్లినా పరవాలేదు, పేరు జాబితాలో ఉంటే చాలు.

ఇప్పుడు చూస్తున్నది ఇస్తాంబుల్‌లోని పెరా ప్యాలెస్. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైల్లో వచ్చి దిగే ప్రయాణికుల కోసం 1892లో కట్టారు. టర్కీ తొలి అధ్యక్షుడు అతాతుర్క్ ఉన్న 101వ నంబర్ గదిని మ్యూజియంగా ఉంచారు. రేట్లు యూరోల్లో ఉన్నాయి, చలికాలంలో తగ్గుతున్నాయి. మెయిల్ రాశాను. మా ఆయన స్వెట్టర్లు దించి ఎండబెట్టారు కానీ ఇంకా ఊ అనలేదు.